తప్పు కంపైలర్‌దని తేలినప్పుడు

ప్రోగ్రామింగ్ నేర్చుకునేవాళ్లకు తొలి రోజుల్లోనే ఒక మాట చెబుతారు: తప్పు నీ కోడ్‌లోనే ఉంటుంది, కంపైలర్ మీదకు నెట్టకు అని. దాదాపు ప్రతిసారీ ఆ మాట నిజమే అవుతుంది కాబట్టి అది మంచి సలహా. కానీ చెప్పేవాళ్లూ వినేవాళ్లూ ఆ "దాదాపు"ను ఎక్కడో జారవిడుస్తారు. సలహా కాస్తా శాసనమైపోతుంది. మార్కాపురం, గిద్దలూరు, కంభం, యర్రగొండపాలెం వైపు నుంచి చదువుకుని హైదరాబాద్‌కో బెంగళూరుకో ఉద్యోగానికి వెళ్లే పిల్లల్లో ఈ శాసనం మరింత గట్టిగా పాతుకుని ఉంటుంది. పుస్తకంలో అచ్చయింది తప్పు కాదు, సారు చెప్పింది తప్పు కాదు, మిషన్ చూపించింది తప్పు కాదు అనే వరసలో పెరిగినవాళ్లకు, ఎక్కడో ఖండాంతరాల్లో మహామహులు తయారుచేసిన కంపైలర్ పొరబడిందని చెప్పడానికి నోరు రాదు. ఈ అధ్యాయం వాళ్ల కోసం. నేను చెప్పదలచుకున్నది ఇది: మన మీద మనకు అనుమానం ఉండాల్సిందే, అయితే ఆ అనుమానానికి ఒక హద్దు ఉండాలి. రుజువు చేతికొచ్చిన చోట ఆ హద్దు వస్తుంది. అది దాటాక పనిముట్టుదే తప్పని ఒప్పుకుని, పని ఆగకుండా ఒక తాత్కాలిక ఏర్పాటు చేసుకుని, ఆ ఏర్పాటు ఎందుకు చేశామో, ఎప్పుడు తీసేయాలో రాసిపెట్టాలి. వీటిలో చివరి పని చాలామంది చెయ్యరు. ఎక్కువ నష్టం అక్కడే జరుగుతుంది.

మనం సీ భాషలోనో సీ ప్లస్ ప్లస్‌లోనో రాసినదాన్ని ప్రాసెసర్‌కు అర్థమయ్యే ఆదేశాలుగా మార్చడం కంపైలర్ పని. మారేటప్పుడు అర్థం చెడకూడదు. కంపైలర్‌లో లోపం ఉంటే అది రెండు రకాలుగా బయటపడుతుంది. ఒకటి, కంపైలరే మధ్యలో కుప్పకూలిపోవడం. అది చిరాకు పెడుతుందే గాని పెద్ద ప్రమాదం కాదు, ఏదో జరిగిందని మనకు వెంటనే తెలిసిపోతుంది కదా. రెండోది, కంపైలర్ ఒక్క హెచ్చరికైనా ఇవ్వకుండా తప్పుడు ఆదేశాలు పుట్టించడం. మార్కాపురం, గిద్దలూరు వైపు పాఠకులకు దీన్ని వివరించడానికి ఎక్కువ మాటలు అక్కర్లేదు. బోరు నీళ్లు గ్లాసులో పోస్తే తేటగానే ఉంటాయి. ఫ్లోరైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదనీ, మరో దారి లేనప్పుడు 1.5 వరకూ సర్దుకోవచ్చనీ భారతీయ ప్రమాణాల సంస్థ చెబుతుంది. నీళ్లు ఆ గీత దాటాయో లేదో పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. పళ్ల మీద గార, వంగిన కాళ్లు కనిపించేనాటికి ఏళ్లు గడిచిపోయి ఉంటాయి. తప్పుగా పుట్టిన కోడ్ తీరూ ఇంతే. ప్రోగ్రాం నడుస్తుంది, లెక్కలు వస్తాయి, రిపోర్టులు అచ్చవుతాయి. వాటిలో కొన్ని అంకెలు నిజం కావు.

ఇలాంటివి నిజంగా జరుగుతాయా అనేది మొదటి ప్రశ్న. జరుగుతాయి. 2011 జులై 28న జావా 7 విడుదలైంది. అదే రోజు లూసీన్, సోలార్ అనే సెర్చ్ సాఫ్ట్‌వేర్ల తయారీదారులు వాడకందారులకు హెచ్చరిక ఇవ్వాల్సివచ్చింది. జావా వర్చువల్ మిషన్‌లోని కంపైలర్ కొన్ని లూపులను వేగవంతం చేసే క్రమంలో తప్పుడు కోడ్ పుట్టిస్తోంది, దాంతో కొన్నిచోట్ల ప్రోగ్రాం కూలిపోతోంది, కొన్నిచోట్ల ఏ చప్పుడూ లేకుండా ఇండెక్స్ పాడైపోతోంది. లూప్ ప్రెడికేట్ అనే ఒక్క ఆప్టిమైజేషన్‌ను ఆపేసి నడుపుకోండి, లేదంటే జావా 7 జోలికి పోకండి అని వాళ్లు చెప్పారు. అదే సంవత్సరం అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయం పరిశోధకులు సీ కంపైలర్ల మీద ఒక ప్రసిద్ధ పరిశోధన ప్రచురించారు. సీస్మిత్ అనే పరికరంతో యాదృచ్ఛికంగా, అయితే భాషా నియమాలకు లోబడి, సీ ప్రోగ్రాములు తయారుచేసి, వాటిని రకరకాల కంపైలర్లకు ఇచ్చి ఫలితాలు పోల్చి చూశారు. మూడేళ్లలో అంతకుముందు ఎవరికీ తెలియని 325కు పైగా బగ్‌లు దొరికాయి. వాళ్లు పరీక్షించిన ప్రతి కంపైలరూ ఎక్కడో ఒకచోట సరైన ప్రోగ్రాంకు తప్పుడు కోడ్ ఇచ్చింది. గణితపరమైన రుజువుతో నిర్మించిన కాంప్‌సర్ట్ అనే ఫ్రెంచ్ కంపైలర్‌లో మాత్రం, రుజువు చేసిన మధ్యభాగంలో, ఆరేళ్ల కంప్యూటర్ సమయం వెచ్చించినా తప్పుడు కోడ్ ఒక్కటి కూడా బయటపడలేదు. అంటే తప్పులు లేని కంపైలర్ అసాధ్యమేమీ కాదు, అది ఖరీదైన వ్యవహారం. మనం రోజూ వాడే జీసీసీ, క్లాంగ్ లాంటివి లక్షల లైన్ల కోడ్‌తో మనుషులు రాసిన ప్రోగ్రాములు. ఆ మనుషులు కూడా మనకు మరీ దూరంగా ఏమీ లేరు. సంగారెడ్డి దగ్గర కందిలో ఉన్న ఐఐటీ హైదరాబాద్‌లో రామకృష్ణ ఉపద్రష్ట బృందం క్లాంగ్‌కు ఆధారమైన ఎల్ఎల్‌వీఎం కంపైలర్ల మీద పరిశోధన చేస్తోంది.

ఇంత చెప్పాక, ఇక ప్రతి తప్పునూ కంపైలర్ ఖాతాలో వేయొచ్చని ఎవరైనా అనుకుంటే నేను చెప్పినదంతా వృథా. నింద మోపేవాడి మీదే రుజువు భారం ఉంటుంది. మన కళాశాలల్లో సీ నేర్పే పద్ధతి వల్ల మన విద్యార్థుల మీద ఆ భారం ఇంకాస్త ఎక్కువ. చాలా ఏళ్లపాటు తెలుగునాట ల్యాబుల్లో టర్బో సీ రాజ్యమేలింది. అందులో ఇంటిజర్ 16 బిట్లది. ఏడు ఫ్యాక్టోరియల్ 5040 అని సరిగ్గా చూపిస్తుంది, ఎనిమిది ఫ్యాక్టోరియల్ అడిగితే 40320 బదులు మైనస్ 25216 చూపిస్తుంది. అది కంపైలర్ బగ్ కాదు. 32767 దాటిన సంఖ్య ఆ డబ్బాలో పట్టదు, అంతే. అలాగే ల్యాబ్ వైవాల్లోనూ అమీర్‌పేట ఇంటర్వ్యూ ప్రశ్నపత్రాల్లోనూ తరాలుగా తిరుగుతున్న ప్రశ్న ఒకటుంది: ఒకే వాక్యంలో ఒకే వేరియబుల్‌ను రెండుసార్లు పెంచి, రెండింటినీ కూడితే జవాబెంత? టర్బో సీ ఒక సంఖ్య చూపుతుంది, జీసీసీ ఇంకొకటి చూపొచ్చు. ఏది నిజమని విద్యార్థులు వాదించుకుంటారు. అలాంటి వాక్యానికి సీ ప్రమాణం అసలు అర్థమే ఇవ్వలేదు, కాబట్టి రెండు కంపైలర్లలో ఎవరిదీ తప్పు కాదు. దీన్నే అన్‌డిఫైన్డ్ బిహేవియర్ అంటారు. ఈ ప్రశ్నను పరీక్షల్లో అడగడం మానేస్తే మన పిల్లలకు ఎంతో మేలు జరుగుతుంది. లేని జవాబును బట్టీ పట్టించి, కంపైలర్ ఏది చెబితే అదే భాష అనే భ్రమను అది కలిగిస్తోంది.

ఈ భ్రమలో అనుభవజ్ఞులు కూడా పడ్డారు. 2007లో జీసీసీ బగ్‌ల పట్టికలో ఒక ఫిర్యాదు నమోదైంది. ఒక ఇంటిజర్‌కు వంద కలిపితే అది మునుపటికంటే పెద్దదేనా అని సరిచూసే పరీక్షను కంపైలర్ మొత్తానికే ఎత్తేసిందని ఆ ఫిర్యాదు. సైన్డ్ ఇంటిజర్ హద్దు దాటడం సీ ప్రమాణం ప్రకారం అర్థం లేని పని, అది జరగదని కంపైలర్ అనుకోవచ్చు, కాబట్టి ఆ పరీక్ష ఎప్పుడూ నిజమేనని తీసేయొచ్చు అని జీసీసీవాళ్లు జవాబిచ్చారు. వాదన వేడెక్కింది, ఫిర్యాదును మాత్రం వాళ్లు బగ్‌గా ఒప్పుకోలేదు. కాబట్టి కంపైలర్‌ను వేలెత్తి చూపే ముందు చేయాల్సిన పనులున్నాయి. హెచ్చరికలన్నీ తెరిచి కంపైల్ చేయాలి, వచ్చిన ప్రతి హెచ్చరికనూ చదవాలి. అన్‌డిఫైన్డ్ బిహేవియర్ శానిటైజర్, అడ్రస్ శానిటైజర్ అనే రెండు ఆప్షన్లు జీసీసీలోనూ క్లాంగ్‌లోనూ ఉన్నాయి. వాటితో నడిపి చూడాలి. హద్దు దాటిన అర్రేలు, విలువ పెట్టని వేరియబుల్స్, థ్రెడ్ల మధ్య పోటీ ఉన్నాయేమో వెతకాలి. నూటికి తొంభై పాళ్లు మీ తప్పు ఇక్కడే దొరుకుతుంది. దొరికినందుకు సంతోషించండి.

దొరకకపోతే? అప్పుడు కూడా తొందరపడకూడదు, ఎందుకంటే రుజువులా కనిపించేవి కొన్ని రుజువులు కావు. ఆప్టిమైజేషన్ లేకుండా సరిగ్గా నడిచి, ఓ2 స్థాయి ఆప్టిమైజేషన్ పెట్టగానే తప్పు వస్తే కంపైలర్‌దే తప్పని చాలామంది తీర్మానిస్తారు. అన్‌డిఫైన్డ్ బిహేవియర్ ఉన్న కోడ్ కూడా సరిగ్గా అలాగే ప్రవర్తిస్తుంది. రెండు కంపైలర్లు రెండు జవాబులు ఇవ్వడం కూడా రుజువు కాదు. మధ్యలో ఒక ప్రింట్‌ఎఫ్ పెట్టగానే తప్పు మాయమవడం అంతకంటే కాదు. ఇవన్నీ అనుమానాన్ని పెంచే గుర్తులు మాత్రమే. నిజమైన రుజువు ఒక చిన్న ప్రోగ్రాం. అసలు ప్రాజెక్టులో నుంచి ఒక్కో ముక్కా తీసేస్తూ పోవాలి. తీసిన తర్వాత కూడా తప్పు వస్తోందా అని ప్రతిసారీ చూడాలి, రాకపోతే ఆ ముక్కను తిరిగి పెట్టాలి. ఫైళ్లు పోతాయి, ఫంక్షన్లు పోతాయి, చివరికి గుప్పెడు లైన్లు మిగులుతాయి. ఈ పనిని సీ-రెడ్యూస్ అనే పరికరం తనంతట తానే చేస్తుంది, చేత్తో చేసినా నష్టం లేదు. జీసీసీ, ఎల్ఎల్‌వీఎంల బగ్‌ల పట్టికలను పరిశీలించి 2016లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం, బగ్‌లను పట్టిచ్చిన ప్రోగ్రాముల్లో 80 శాతం 45 లైన్లలోపే ఉన్నాయి. అంత చిన్న ప్రోగ్రాంలో ప్రతి వాక్యానికీ ప్రమాణం ఏ అర్థం ఇస్తుందో కూర్చుని చదవొచ్చు. కంపైలర్ పుట్టించిన అసెంబ్లీని పక్కన పెట్టుకుని, ఏ ఆదేశం దగ్గర అర్థం తప్పిందో వేలు పెట్టి చూపొచ్చు. ఆ వేలు నిలిచిన చోటే ఇందాక చెప్పిన హద్దు. అక్కడికి చేరాక కూడా "నాదే తప్పేమో" అనుకుంటూ కూర్చోవడాన్ని వినయం అనరు, కళ్లెదుట ఉన్నదాన్ని చూడనని మొరాయించడం అంటారు.

ఇక తాత్కాలిక ఏర్పాటు సంగతి. మన ఆఫీసుల్లో అందరూ వర్కరౌండ్ అనే అంటారు, నేనూ అలాగే అంటాను. వర్కరౌండ్‌కు నేను పెట్టే కొలత ఒకటే: అది ఎంత ఇరుకుగా ఉంటే అంత మంచిది. తప్పు ఒక్క వ్యక్తీకరణ దగ్గర వస్తుంటే ఆ వ్యక్తీకరణను రెండు వాక్యాలుగా విడగొట్టి రాయండి. ఒక ఫంక్షన్‌ను ఇంకో దానిలో కలిపేసినప్పుడే వస్తుంటే ఆ ఒక్క ఫంక్షన్‌ను కలపవద్దని కంపైలర్‌కు గుర్తు పెట్టండి. ఒక ఆప్టిమైజేషన్ దశ వల్ల వస్తుంటే ఆ దశను ఆపే ఆప్షన్‌ను ఆ ఒక్క ఫైలుకే ఇవ్వండి. ఇవేవీ కుదరకపోతే మొత్తం ప్రాజెక్టుకు ఆ దశ ఆపడం, అదీ కాకపోతే కంపైలర్ వెర్షన్ మార్చడం. మన దగ్గర ఇది తలకిందులుగా జరుగుతుంటుంది: మొదటే ఆప్టిమైజేషన్ అంతా పీకేస్తారు, లేదంటే కనిపించిన ప్రతి వేరియబుల్ ముందూ వోలటైల్ అని తగిలిస్తారు. వోలటైల్‌ను తాయెత్తులా కట్టేవాళ్లను చూస్తే బాధ కలుగుతుంది. తప్పు ఎందుకు పోయిందో తెలియకుండా పోతే, ఎప్పుడు తిరిగొస్తుందో కూడా తెలియదు. ఏ వర్కరౌండ్ పెట్టినా, మళ్లీ అసెంబ్లీ తీసి, తప్పిన ఆదేశం ఇప్పుడు సరిగ్గా పడిందో లేదో చూడాలి. తప్పు కనిపించడం మానేస్తే చాలదు, తప్పుడు ఆదేశమే పుట్టడం లేదని తెలియాలి.

ఇందులో అందరూ చదవాల్సిన ఉదాహరణ లైనక్స్ కెర్నెల్‌లో ఉంది. 2014 జులైలో, లైనక్స్ 3.16 తయారవుతున్న రోజుల్లో, కొన్ని మిషన్లు ఒక క్రమం లేకుండా కూలిపోతున్నట్టు తేలింది. ప్రాసెసర్ల మధ్య పని పంచే లోడ్ బ్యాలెన్స్ అనే ఫంక్షన్ దగ్గర చిక్కు కనబడింది. లైనక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ ఆ ఫంక్షన్‌కు జీసీసీ 4.9.0 పుట్టించిన అసెంబ్లీని తెచ్చుకుని చదివాడు. ఫంక్షన్ మొదలయ్యేటప్పుడు స్టాక్ మీద తనకు కావాల్సిన చోటు కేటాయించుకోవాలి, ఆ తర్వాతే అందులో ఏదైనా దాచుకోవాలి. ఇక్కడ కంపైలర్ ముందుగా ఒక విలువను దాచేసి, ఆ తర్వాత చోటు కేటాయించుకుంది. ఆ రెండు ఆదేశాల మధ్య సందులో ఇంటరప్ట్ వస్తే ఆ చోటు ఇంకా ఎవరిదీ కాదు కాబట్టి, దాచిన విలువ చెరిగిపోతుంది. సాధారణ ప్రోగ్రాములకు స్టాక్ అంచు కింద 128 బైట్ల రక్షిత ప్రాంతం ఉంటుంది. కెర్నెల్‌ను ఆ రక్షణ వాడవద్దని చెప్పి కంపైల్ చేస్తారు. అందుకే దెబ్బ అక్కడ తగిలింది. ఇంటరప్ట్ సరిగ్గా ఆ సందులోనే పడాలి కాబట్టి కూలడం ఎప్పుడో ఒకసారి జరిగేది. ఎన్నిసార్లు నడిపి చూసినా దీన్ని పట్టుకోవడం కష్టం. పుట్టిన ఆదేశాలను చదవబట్టే దొరికింది. మూలం ఎక్కడుందంటే, డీబగ్గర్ కోసం వేరియబుల్స్ ఎక్కడున్నాయో గుర్తుపెట్టుకునే వేరియబుల్ ట్రాకింగ్ అసైన్‌మెంట్స్ అనే సదుపాయంలో. డీబగ్ సమాచారం అడిగితే కోడ్ మారకూడదు, కానీ మారింది. విషయం జీసీసీ పట్టికలో 61904 నంబరు బగ్‌గా నమోదైంది. ఆ నెలాఖరులోనే కెర్నెల్ మేక్‌ఫైల్‌లో ఆ సదుపాయాన్ని ఆపేసే ఆప్షన్ చేరింది. నిర్ధారణ, నివేదిక, వర్కరౌండ్ అన్నీ రోజుల వ్యవధిలో పూర్తయ్యాయి. ఇంతవరకూ ఆదర్శప్రాయం.

అయితే కథ అక్కడితో ఆగలేదు. ఆ ఆప్షన్‌ను ఏ వెర్షన్ షరతూ లేకుండా పెట్టారు. జీసీసీ తర్వాతి వెర్షన్లలో బగ్ పోయింది, మేక్‌ఫైల్‌లో ఆప్షన్ మాత్రం ఉండిపోయింది. 2020లో గాని జీసీసీ 5 కంటే పాత వెర్షన్లకే దాన్ని పరిమితం చేసే మార్పు రాలేదు. ఆ ఆరేళ్లూ, బగ్ లేని కంపైలర్ వాడినవాళ్లకు కూడా డీబగ్గర్‌లో వేరియబుల్స్ సమాచారం నాసిగానే అందింది. ప్రపంచంలో అత్యంత జాగ్రత్తగా చూసుకునే ప్రాజెక్టుల్లో ఒకదానిలోనే ఇలా జరిగితే, మన కంపెనీల కోడ్‌లో ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో తెలియని ఆప్షన్లు ఎన్ని మూలుగుతున్నాయో ఊహించుకోండి.

తాత్కాలికం శాశ్వతమైపోవడం మన ప్రాంతానికి తెలిసిన బాధే. నల్లమల అవతల శ్రీశైలం జలాశయం నిండుగా ఉన్నా, ఇవతల మార్కాపురం, గిద్దలూరు, కనిగిరి, దర్శి ప్రాంతాలు ట్యాంకర్లతోనూ మినరల్ వాటర్ ప్లాంట్ల 20 లీటర్ల క్యాన్లతోనూ రోజులు గడిపాయి. అసలు పరిష్కారంగా తలపెట్టిన పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టు కృష్ణా వరద నీటిలో 43.5 టీఎంసీలు మళ్లించి 4.47 లక్షల ఎకరాలకు సాగునీరు, 15.25 లక్షల మందికి తాగునీరు ఇవ్వాలనే సంకల్పంతో మొదలైంది. 1996లో శంకుస్థాపన జరిగింది, ఒక్కొక్కటి 18 కిలోమీటర్లకు పైగా పొడవున్న జంట సొరంగాలను జాతికి అంకితం చేసింది 2024 మార్చిలో. ఆ మధ్యకాలంలో ఒక తరం పుట్టి పెరిగి పెళ్లిళ్లు చేసుకుంది. క్యాన్ నీళ్లు కొన్నవాళ్లది తప్పనే సాహసం నేను చెయ్యను. దాహం వేసినప్పుడు సొరంగం పూర్తయ్యేదాకా ఆగమనడం క్రూరత్వం. క్యాన్ వచ్చింది కదా అని సొరంగం అడగడం మానేయకూడదు, ఏ బోరులో ఎంత ఫ్లోరైడ్ ఉందో రాసిన కాగితం పారేయకూడదు. కోడ్‌లోనూ వర్కరౌండ్ పెట్టినవాడు ఆ కాగితాన్ని పక్కనే ఉంచాలి. ఫలానా వెర్షన్ కంపైలర్, ఫలానా ఆప్షన్‌తో, ఈ లూప్‌కు తప్పుడు కోడ్ ఇస్తోంది, బగ్ నంబరు ఇది, ఈ తేదీన పెట్టాం, సరిచేసిన వెర్షన్‌కు మారగానే ఈ లైన్లు తీసేయాలి అని నాలుగు ముక్కలు చాలు. కుదిరితే వెర్షన్ షరతును కోడ్‌లోనే పెట్టండి. రుజువుగా తయారుచేసిన ఆ చిన్న ప్రోగ్రాంను పరీక్షల్లో చేర్చండి. కంపైలర్ మారిన ప్రతిసారీ వర్కరౌండ్ అవసరం తీరిందో లేదో అదే చెబుతుంది, మీరు ఉద్యోగం మారి వెళ్లిపోయినా సరే.

దీనికి కొన్ని అభ్యంతరాలు వస్తాయి. ఇన్ని తంటాలెందుకు, ఆప్టిమైజేషన్ మొత్తం ఆపేస్తే పోలేదా అంటారు. వేగం పోతుంది, అది చిన్న నష్టం. మీ కోడ్‌లో నిజంగానే అన్‌డిఫైన్డ్ బిహేవియర్ ఉంటే అది దుప్పటి కింద దాక్కుంటుంది, అది పెద్ద నష్టం. కొత్త కంపైలర్‌కు మారిపోవచ్చు కదా అనేవాళ్ల మాటలో బలం ఉంది. మారగలిగితే అదే ఉత్తమం. కానీ బ్యాంకుల్లో, రైల్వే సిగ్నళ్లలో, వైద్య పరికరాల్లో ఒక వెర్షన్‌కు అనుమతులు తీసుకుని ఏళ్ల తరబడి దాన్నే వాడతారు. వెర్షన్ మార్చడమంటే మళ్లీ మొత్తం పరీక్షించడమే, పైగా కొత్త వెర్షన్ తన కొత్త బగ్‌లను వెంటబెట్టుకుని వస్తుంది. వర్కరౌండ్ అంటే తప్పించుకోవడమేననీ, అసలు తప్పును సరిదిద్దించడమే నిజాయితీ అనీ మరికొందరు అంటారు. సరిదిద్దించాల్సిందే. ఇందాక చెప్పిన 2016 అధ్యయనం లెక్కన జీసీసీలో ఒక బగ్ సగటున 200 రోజులు, ఎల్ఎల్‌వీఎంలో 111 రోజులు బతుకుతుంది. అన్నాళ్లు మీ వినియోగదారుకు తప్పుడు లెక్కలు ఇవ్వలేరు. వర్కరౌండ్ పెట్టిన రోజే నివేదిక కూడా పంపితే ఈ అభ్యంతరానికి చోటుండదు.

వీటన్నిటికంటే లోతుగా తాకే అభ్యంతరం వేరే ఉంది. మొదటి ఉద్యోగంలో ఉన్నవాడికి, అదీ చిన్న ఊరి కళాశాల నుంచి వచ్చినవాడికి, కంపైలర్ బగ్ ఎదురయ్యేదెప్పుడు, ఎదురైనా అతని మాట వినేదెవరు? అరుదుగానే ఎదురవుతుంది, ఒప్పుకుంటాను. అయినా ఈ పద్ధతి కంపైలర్‌తో ఆగిపోదు. లైబ్రరీ తప్పు చేసినా, డేటాబేస్ తప్పు చేసినా, చేతిలోని ఫోనే తప్పు చేసినా ఇదే క్రమం పనికొస్తుంది. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లను కూల్చేసింది మన తెలుగు అక్షరమే. రోజూ రాసే జ్ఞా కాదు, దాని మధ్యలో కంటికి కనపడని విడదీసే గుర్తు ఒకటి చేరిన రూపం. ఐఓఎస్ 11.2.5 ఉన్న ఫోనుకు ఆ అక్షరం సందేశంగా వస్తే యాప్‌లు కూలిపోయేవి. అక్షరాలను అమర్చి చూపే భాగంలో లోపమది, ఫిబ్రవరి 19న వచ్చిన 11.2.6తో సరిచేశారు. అంత పెద్ద సంస్థ పరీక్షల్లో అది ఎందుకు దొరకలేదు? తక్కువ మంది నడిచే దారిలో ఉంది కాబట్టి. లోపాలు మిగిలిపోయేది అలాంటి దారుల్లోనే. ఎనిమిదేళ్లనాటి కంప్యూటర్ మీద, తెలుగు డేటాతో, ఎవరూ వాడని ఆప్షన్ల కలయికతో పనిచేసే వ్యక్తికి ఎదురయ్యే లోపాలు కాలిఫోర్నియాలో కూర్చున్నవాడికి తారసపడవు. మీరున్న చోటు వల్ల మీ సాక్ష్యానికి విలువ పెరుగుతుంది.

మాట వినేదెవరు అన్న ప్రశ్నకు జవాబు ఆ చిన్న ప్రోగ్రామే. బగ్‌ల పట్టికలో ఊరి పేరు అడగరు, కళాశాల పేరు అడగరు. కంపైలర్ వెర్షన్ ఏది, ఏ ఆప్షన్లు ఇచ్చారు, ఏ ప్రోగ్రాం, ఏం రావాలి, ఏం వచ్చింది అని అడుగుతారు. ఇంగ్లిషు గురించి బెంగ అక్కర్లేదు. ఐదారు పొట్టి వాక్యాలు చాలు, మిగతాది కోడ్ చెబుతుంది. ఆఫీసులో టీమ్ లీడ్ దగ్గరకు వెళ్లేటప్పుడు కూడా ఇదే పాటించండి. "సార్, కంపైలర్‌లో బగ్ ఉందనుకుంటా" అంటూ వెళితే నవ్వి పంపేస్తారు, ఆ నవ్వుకు కారణం కూడా ఉంది. "సార్, ఈ ఇరవై లైన్లు చూడండి, శానిటైజర్లు ఏమీ అనలేదు, ఓ2లో ఈ ఆదేశం తప్పుగా పడుతోంది, ఇదిగో అసెంబ్లీ" అంటే కుర్చీ లాక్కుని కూర్చుంటారు. ఒకవేళ ఆ ఇరవై లైన్లలో మీ తప్పే దొరికితే సిగ్గుపడాల్సిన పని లేదు. 2007 నాటి ఆ ఫిర్యాదు కూడా తిరస్కారానికే గురైంది, కానీ ఆ చర్చ చదివి సైన్డ్ ఇంటిజర్ల సంగతి నేర్చుకున్నవాళ్లు ఎందరో ఉన్నారు. పని కాగానే వర్కరౌండ్ పెట్టేసి నివేదిక సంగతి మరిచిపోవాలనిపిస్తుంది, గడువు మీద పడుతుంటే మరీను. దయచేసి మరవకండి. 200 రోజుల లెక్క మొదలయ్యేది ఎవరో ఒకరు నివేదిక పంపిన రోజు నుంచే, ఆ ఒకరు మీరే కావాలి.